స్త్రీవాద తత్త్వము: పంచాయతీ సభ్యులకు తొలి పాఠము

నెల్లూరు జిల్లా బోగోలు మండలమునందలి జువ్వలదిన్నె సముద్రతీర గ్రామము. ఇట్టి తీరగ్రామములలో పురుషులు పడవలపై వేటకు పోవుదురు. ఒడ్డు చేరిన చేపలను ఏరి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గంపల కెత్తుకొని ఊరూర అమ్మి ఇంటికి రొక్కము తెచ్చువారిలో స్త్రీలే అధికులు. అయినను మత్స్యకారులనగానే మన మనస్సున మెదలునది వల పట్టిన పురుషుడే. ఎందుచేత? ఈ ప్రశ్నతోనే మన పాఠము ఆరంభమగుచున్నది.

స్త్రీవాదమనగా పురుషద్వేషము కాదు. స్త్రీపురుషుల విషయమున మనము అలవాటుగా పాటించుచున్న ప్రతి ఏర్పాటును గూర్చి, "ఇది ప్రకృతి చేసినదా, మనుష్యులు చేసినదా?" అని విచారించుట దాని మొదటి మెట్టు. బిడ్డను కనుట ప్రకృతి. బిడ్డల తల్లి గనుక సభలో కూర్చుండరాదనుట మనుష్యుల ఏర్పాటు. మనుష్యులు చేసినదానిని మనుష్యులే మార్చవచ్చును.

ఈ విచారణ అనేక దేశములలో జరిగినది. స్త్రీలకు కొరతయైనది బుద్ధి కాదు, విద్య యని ఇంగ్లండులో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో వాదించెను. స్త్రీకొక నీతి, పురుషునకొక నీతి ఏల యని మహారాష్ట్రమున తారాబాయి షిండే 1882లో 'స్త్రీ పురుష తులన' అను గ్రంథమున నిలదీసెను. మన నెల్లూరిలోనే పొణకా కనకమ్మగారు 1923లో బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి.

ఇక రెండవ మెట్టు. ఇంటిలోని బాధ యంతయు ఇంటి గుట్టేనా? ఇందుకు సమాధానము మన జిల్లాలోని దూబగుంట చెప్పినది. సారా త్రాగిన భర్త కొట్టుట, కూలి డబ్బు దుకాణము పాలగుట అంతవరకు ఎవరి ఇంటి వ్యవహారము వారిదే. అక్షరాస్యతా తరగతులలో కలిసికొన్న స్త్రీలు తమ అందరి బాధ యొక్కటే యని గుర్తించిరి. 1992లో వర్ధినేని రోశమ్మ మొదలగువారు సారాపై పోరు సాగించిరి. అది జిల్లా యంతటను, పిదప రాష్ట్రమంతటను వ్యాపించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలింపబడిన మాట నిజమే. అయినను ఇంటి గుట్టనుకొన్నది ఊరి సమస్య కాగలదను పాఠము చెరిగిపోలేదు.

ఇట్టి ప్రశ్నలవలన కాపురములు కలత చెందునని కొందరు శంకింతురు. సారా మానిన ఇంట కలత పెరిగెనా, తగ్గెనా? ఆ ఇంటివారినే అడిగి తెలిసికొందము.

మూడవ మెట్టు మాటకు సంబంధించినది. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలలో మూడవ వంతుకు తగ్గకుండ స్థానములను స్త్రీలకు ప్రత్యేకించినది. తరువాత మన రాష్ట్రమున అది సగమునకు పెరిగినది. కాని ఆసనము వేరు, మాట వేరు. సంతకము సభ్యురాలిది, నిర్ణయము ఆమె భర్తది యైనచోట చట్టము కాగితముపై మాత్రమే నెరవేరినట్లు. ఆమె మాటాడునంతవరకు మనము ఓపికతో వేచియుండవలెను. ఆమె చెప్పినది తీర్మానముల పుస్తకమున చేరవలెను.

జువ్వలదిన్నెలో చేపలరేవు నిర్మింపబడినది. రేవనగానే పడవ, ఇంజను, డీజిలు మనకు తోచును. చేపలమ్ము స్త్రీకి నీడ, మంచినీరు, మరుగుదొడ్డి, గంపతో ఎక్కనిచ్చు బస్సు కూడ తోచుచున్నవా? అవి మరపునకు వచ్చినచో కారణము ద్వేషము కాకపోవచ్చును; ఆమె ఆ చర్చలో లేకపోవుటయే కావచ్చును.

కనుక రాబోవు సమావేశమున ప్రతి తీర్మానమునకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. ఈ విషయమున పని ఎవరిది? రాబడి ఎవరి చేతికి చేరుచున్నది? మాట ఎవరిది? ఈ మూడింటికి వేర్వేరు సమాధానములు వచ్చినచోట మన పంచాయతీకి చేయవలసిన పని యున్నదని తెలిసికొందము.