పిల్లవాడు మిలిటరీ ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఇంటి దగ్గర తల్లిదండ్రుల ఆరోగ్యం

నిద్ర పట్టడం లేదని, గుండె దడగా ఉందని, మందులు వేసుకుంటున్నా షుగరు దిగడం లేదని మా ఓ.పి.కి వచ్చేవారిని కాస్త కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడుగుతాము. ఈ మధ్య కొందరి దగ్గర ఒకే జవాబు వస్తున్నది. "మావాడు అగ్నివీర్‌లో సెలక్టయిండు సిస్టరమ్మా. పోయి ఇరవై రోజులాయె. ఒక్క ఫోను లేదు." ఇది చెప్పేవారిలో మాదాపూర్ ఆఫీసుల ముందు నిలబడే సెక్యూరిటీ గార్డులున్నారు, హౌస్‌కీపింగ్ చేసే తల్లులున్నారు, రాత్రి షిఫ్టు క్యాబులు నడిపేవారున్నారు. కంప్యూటర్ల ముందు పనిచేసే తల్లిదండ్రులూ ఉన్నారు. పిల్లలు నాసిక్‌లో, వెల్లింగ్టన్‌లో, చిలికాలో, బెళగావిలో ఉంటారు. ఖడక్‌వాస్లాలోని ఎన్.డి.ఏ.కు, చెన్నైలోని ఓ.టి.ఏ.కు వెళ్ళినవారూ ఉన్నారు. ఆడపిల్లలు కూడా వెళ్తున్నారు. ఎన్.డి.ఏ.లో 2022లో చేరిన మొదటి బ్యాచ్ అమ్మాయిలు 2025 మే నెలలో ట్రైనింగ్ పూర్తి చేసుకున్నారు.

ఈ పాఠం ఆ ఇళ్ళలో ఉన్నవారి కొరకు.

ఫోను ఎందుకు రాదు?

అగ్నిపథ్ పథకం 2022 జూన్‌లో ప్రకటించారు. పదిహేడున్నర ఏళ్ళు నిండితే చేరవచ్చు. అంటే ఇంటర్ అయీ కాకముందే, ఇంకా మీసాలు సరిగా రాని పిల్లవాడు ఇల్లు విడిచి వెళ్తున్నాడన్నమాట. సైన్యంలో ట్రైనింగ్ ఆరేడు నెలలు సాగుతుంది. ఆఫీసర్లకైతే ఓ.టి.ఏ.లో దాదాపు పదకొండు నెలలు, ఎన్.డి.ఏ.లో మూడు సంవత్సరాలు. మొదటి వారాలలో సాధారణంగా సెల్ ఫోను దగ్గర ఉంచనివ్వరు. తరువాత వారానికి ఒకసారి, ఎక్కువగా ఆదివారం, కొద్దిసేపు ఇస్తారు. కేంద్రాన్ని బట్టి, కంపెనీని బట్టి ఈ పద్ధతి మారుతుంది. పక్కింటి అబ్బాయికి ఇచ్చారు, మావాడికి ఎందుకివ్వలేదు అని పోల్చుకోవద్దు.

ఇది శిక్ష కాదు. తెల్లవారకముందే లేచి పరుగు, డ్రిల్లు, ఆయుధాల పాఠం, క్లాసులు, సాయంత్రం ఆటలు, రాత్రి హాజరు. ఆ పిల్లలకు దొరికే నిద్రే తక్కువ. ఆ నిద్రను ఫోను తినేస్తుంది. ఇల్లు తలుచుకుని బెంగపడే మొదటి రోజులలో గంటకొకసారి ఇంటికి మాట్లాడితే బెంగ తగ్గదు, పెరుగుతుంది. హాస్టలులో పిల్లలను వేసిన ప్రతి తల్లికీ ఈ సంగతి తెలుసు. రక్షణ కారణం కూడా ఉన్నది. 2020 జులైలో సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌తో సహా 89 యాప్‌లు తీసివేయమని ఆదేశించింది. గనుక మీవాడు ఎక్కడున్నాడో, ఏ కంపెనీయో, ఎప్పుడు ఏ రైలు ఎక్కుతాడో మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండి. యూనిఫాంలో ఫొటో చూసి మురిసిపోవాలని ఉంటుంది. గోడకు కట్టించుకోండి.

మన ప్రాంతంలో ఇంకొక బాధ ఉన్నది. అదే మెట్ల మీద ఎదురింటివారి అమ్మాయి డల్లాస్ నుండి రోజూ వీడియోలో వంట చూపించి మాట్లాడుతుంది. ఏడు సముద్రాల అవతల ఉన్న పిల్ల రోజూ కనిపిస్తుంటే, మన దేశంలోనే ఉన్న పిల్లవాడి గొంతు కూడా వినపడదు. గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్ గచ్చిబౌలికి సుమారు పది కిలోమీటర్లే. అక్కడ ట్రైనింగ్‌లో ఉన్న కుర్రవాళ్ళ తల్లిదండ్రులు ఎక్కడెక్కడి రాష్ట్రాలలోనో ఇలాగే ఎదురుచూస్తుంటారు. మీవాడు అక్కడే ఉన్నా, నాసిక్‌లో ఉన్నా, ఈ వారాలలో మీకు దూరం ఒక్కటే. అనుమతి లేకుండా గేటు దగ్గరకు వెళ్ళి నిలబడితే మీకూ నిరాశ, పిల్లవాడికీ చిన్నతనం.

ఎదురుచూపు ఒంటిమీద ఏం చేస్తుంది?

భయపడినప్పుడు మన శరీరం అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతుంది. పాము కనబడితే పరుగెత్తడానికి అవి మంచివే. అయితే నెలల తరబడి రోజూ ఊరుతుంటే బి.పి. పెరుగుతుంది, షుగరు పెరుగుతుంది, కడుపులో మంట, మెడ పట్టేయడం, నడిరాత్రి మూడు గంటలకు మెలకువ వస్తాయి. మేము ఎక్కువగా చూస్తున్నది ఇంకొకటి. తల్లి తినడం మానేస్తుంది. "వాడు అక్కడ ఏం తింటున్నాడో, నాకెట్ల దిగుతుంది" అంటుంది. భోజనం మానేసి షుగరు మాత్ర మాత్రం వేసుకుంటుంది. షుగరు పడిపోయి చెమటలు పట్టి, వంటగదిలో తూలిపోతుంది. తండ్రి ఇంకొక దారి పడతాడు. మాట్లాడడు, సిగరెట్లు పెంచుతాడు, లేదా "నువ్వే పంపించినవ్" అని భార్యతో తగువు పెట్టుకుంటాడు. అమ్మా, అయ్యా, ఆ పిల్లలకు అక్కడ వేళకు భోజనం పెడతారు. నువ్వు పస్తుంటే వాడి కంచంలో ఒక్క మెతుకు పెరగదు.

బి.పి., షుగరు, థైరాయిడ్ మందులు ఒక్క పూట కూడా మానకండి. సాయంత్రం అయిదు తరువాత టీ, కాఫీ వద్దు. రోజూ అరగంట నడవండి. ఫోను రింగు ఆన్‌లోనే ఉంచి, పడక మీద కాకుండా గదిలో అవతల పెట్టుకోండి. మోగితే ఎలాగూ వినబడుతుంది. గంటకోసారి తెర వెలిగించి చూసుకోవడమే నిద్రను చంపేది.

టీవీ వార్తల సంగతి కూడా చెప్పాలి. ఇంటిల్లిపాదీ నోటితో అనని భయం ఒకటి ఉన్నది, ప్రాణభయం. గల్వాన్‌లో 2020 జూన్‌లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు, 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర శ్రీ సత్యసాయి జిల్లా అగ్నివీర్ మురళీ నాయక్ ప్రాణాలు ఇచ్చారు. అటువంటి వార్త వచ్చిన రోజున సైనికుల ఇళ్ళన్నీ వణుకుతాయి. ఆ భయం తప్పు అని మేము చెప్పము. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి. ట్రైనింగ్‌లో ఉన్న పిల్లవాడు సరిహద్దులో లేడు, ట్రైనింగ్ కేంద్రంలో ఉన్నాడు. అతనికి ఏదైనా పెద్ద ఇబ్బంది వస్తే అధికారులే ఇంటికి తెలియజేస్తారు. ఫోను రాలేదంటే ఫోను ఇవ్వలేదని మాత్రమే అర్థం.

అయిదు నిమిషాల ఫోను

ఇరవై రోజులు ఎదురుచూసిన ఫోను వస్తుంది. అమ్మ ఏడుస్తుంది, నాయన లాక్కుంటాడు, చెల్లి పక్కనుండి అరుస్తుంది, టైమైపోతుంది. అందరూ మళ్ళీ కూలబడతారు. అందుకని ఒక చిన్న నోటు పుస్తకం ఫోను పక్కన పెట్టుకోండి. అడగవలసినవి గుర్తొచ్చినప్పుడల్లా రాసుకోండి. స్పీకరు పెట్టి, ముందు ఎవరు మాట్లాడాలో అనుకుని ఉండండి. ఏడుపు వస్తే రానివ్వండి, అది నేరం కాదు. "వచ్చేయ్ బిడ్డా" అనే మాట మాత్రం నోట రానివ్వకండి. దాన్ని వాడు వారమంతా మోస్తాడు.

గొంతు బొంగురుపోయిందని కంగారు పడకండి. డ్రిల్లులో అరిచి అరిచి అలాగే అవుతుంది. బరువు తగ్గడం, నల్లబడడం కూడా మామూలే. మీరు తప్పకుండా అడగవలసింది కాళ్ళ సంగతి. బొబ్బలు మానుతాయి. కానీ మోకాలి కింద ఎముక మీద ఒకే చోట నొప్పి, పరుగెత్తిన కొద్దీ పెరిగి, వేలితో నొక్కితే చుక్క పెట్టినట్టు తెలిసేదైతే, అది ఎముకలో సన్నని బీటు కావచ్చు. దీన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. కొత్తగా చేరిన కుర్రవాళ్ళలో ఇది తరచు వచ్చేదే. చాలామంది దాచిపెడతారు, ట్రైనింగ్‌లో వెనకబడతామని. ఇంట్లోవాళ్ళు కూడా "ఎవరికీ చెప్పకు, మాత్రలు పంపిస్తా, వేసుకుని లాగించెయ్" అంటారు. అలా చేయకండి. నొప్పి మాత్రతో పరుగెత్తితే సన్నని బీటు నిలువునా విరుగుతుంది. ఎం.ఐ. రూముకు వెళ్ళి డాక్టరుకు చూపించుకోమనండి. విశ్రాంతి ఇచ్చి వెనక బ్యాచ్‌లో కలిపితే ఆలస్యమే గాని అవమానం కాదు. ఎండలో తల తిరిగినా, వాంతి వచ్చినా అంతే, దాచకూడదు.

మొదటి నెలలో "నేను ఉండలేను, వచ్చేస్తా" అనే పిల్లలు చాలామంది. సావధానంగా వినండి. తిట్టకండి, ఒప్పుకోకండి. వచ్చే ఫోను వరకు ఆగి మళ్ళీ మాట్లాడుకుందామని చెప్పండి. చాలామందికి అప్పటికి నలుగురు స్నేహితులు దొరికి ఉంటారు. అయితే బ్రతకాలని లేదని అన్నా, తిండి నిద్ర పూర్తిగా పోయాయని చెప్పినా, ఎవరైనా కొడుతున్నారని చెప్పినా ఆగకూడదు. ఆ రోజే కేంద్రంలోని కంపెనీ అధికారికి ఫోను చేయాలి. ఇందుకే పిల్లవాడు బయలుదేరక ముందే చేరిక ఉత్తరంలోని కేంద్రం ఫోను నంబరు, చేరాక అతని నంబరు, కంపెనీ, ప్లటూను ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించుకోవాలి.

ఇంకొక హెచ్చరిక. పిల్లలు ఎవరి ఫోనునుండైనా చేయవచ్చని తల్లిదండ్రులు తెలియని నంబర్లన్నీ ఎత్తుతారు. మోసగాళ్ళకు కావలసిందీ అదే. "మీ అబ్బాయికి యాక్సిడెంటైంది, ఆపరేషనుకు వెంటనే డబ్బు పంపండి" అంటారు. ట్రైనింగ్‌లో ఉన్నవారికి మిలిటరీ ఆసుపత్రిలో వైద్యం ఉచితం. ఏ అధికారీ ఫోనులో డబ్బు అడగడు. పెట్టేసి, మీ కాగితం మీదున్న నంబరుకు మీరే చేసి కనుక్కోండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫిర్యాదు చేయండి.

ఉత్తరం

ఫోను లేని చోటికి ఉత్తరం పోతుంది. వారానికి ఒకటి, ఒకే రోజున రాయండి. పైన 1, 2, 3 అని వరుస సంఖ్య వేయండి. రెండు కలిసి వచ్చినా, ముందుది వెనక వచ్చినా పిల్లవాడికి తెలుస్తుంది. అప్పుల సంగతి, తగాదాల సంగతి వద్దు. ములగచెట్టు కాసిందని, తాతయ్యకు శుక్లాల ఆపరేషనై ఇప్పుడు పేపరు తానే చదువుతున్నాడని, మెట్రోలో చెల్లి ఒక్కతే రాయదుర్గం వరకు వెళ్ళొచ్చిందని రాయండి. హన్నా తన సమూయేలును షిలోహులో విడిచి, ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకుపోయేదని మనకు తెలుసు. పెరిగిన కొలత ఊహించి కుట్టి ఉంటుంది కదా అని మాకు అనిపిస్తుంది. రాయడం రానివారు చెప్పి రాయించండి. ఫర్వాలేదు.

ఇంట్లో జబ్బు వస్తే చెప్పాలా?

ఇది మమ్మల్ని ఎక్కువగా అడిగే ప్రశ్న. "మా బిడ్డకు చెప్పకండి" అని పడక మీదనుండి చేతులు పట్టుకునేవారు ఉన్నారు. మా అభిప్రాయం ఇది. జ్వరం, షుగరు హెచ్చుతగ్గులు, చిన్న ఆపరేషన్లు అయిపోయాక ఉత్తరంలో రాస్తే చాలు. క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతం వంటివి దాచవద్దు. ఎందుకంటే దాచినది దాగదు. ఏ మేనత్త కొడుకో ఆదివారం ఫోనులో నోరు జారుతాడు. ఆ తరువాత "అంతా బాగున్నాం" అని మీరు ఎన్నిసార్లు చెప్పినా పిల్లవాడు నమ్మడు. ఏమీ లేని రోజున కూడా ఏదో దాస్తున్నారని బెంగపడతాడు. పెద్ద జబ్బు సంగతి ముందుగా కంపెనీ అధికారికి చెప్పండి, డాక్టరు కాగితం పంపండి. పిల్లవాణ్ణి పిలిచి కూర్చోబెట్టి చెప్పడం వారికి తెలుసు. సెలవు ఇవ్వాలో లేదో వారే నిర్ణయిస్తారు. ఏ జబ్బూ లేకుండా, పిల్లవాణ్ణి ఒకసారి చూసుకోవాలని సర్టిఫికెట్ అడిగేవారికి మాత్రం మేము ఇవ్వము. మీ బాధ మాకు అర్థమవుతుంది. అయినా ఇవ్వము.

ఒంటరిగా ఉండకండి

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరున్నది. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుండి తరతరాలుగా సైన్యంలోకి వెళ్తున్నందున దాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అటువంటి ఊరిలో ఉత్తరం రాకపోతే పక్కింటికీ రాలేదని తెలుస్తుంది, ఇద్దరూ అరుగుమీద కూర్చుంటారు. మన అపార్ట్‌మెంట్లలో, అద్దె గదులలో ఆ అరుగు లేదు. అందుకని మీరు బి.పి. చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఈ సంగతి నర్సుకు చెప్పండి. అదే స్థితిలో ఉన్న మరో కుటుంబాన్ని, వారు ఒప్పుకుంటే, మీకు పరిచయం చేస్తాము. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, పనిమీద మనసు పోకపోతే డాక్టరును కలవండి. టెలి మానస్ 14416 నంబరుకు రాత్రి పగలు ఎప్పుడైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. చావు ఆలోచనలు వస్తే ఒక్క గంట కూడా ఆగవద్దు. ఛాతీలో నొప్పి వస్తే బెంగ అనుకోకుండా 108కి ఫోను చేయండి.

ట్రైనింగ్ ముగిసినప్పుడు కసమ్ పరేడ్ జరుగుతుంది. తల్లిదండ్రులను పిలుస్తారు, గౌరవ్ పదక్ అనే బిళ్ళ తొడుగుతారు. ఎండలో చాలాసేపు కూర్చోవాలి గనుక నీళ్ళు, మందులు, గొడుగు వెంట తీసుకెళ్ళండి. షుగరు ఉన్నవారు ఏదైనా తిని బయలుదేరండి. తరువాత సెలవులో ఇంటికి వచ్చినవాడు మొదటి రెండు రోజులు నిద్రపోతాడు, లేదా నాలుగింటికే లేచి దుప్పటి మడత పెట్టుకుని కూర్చుంటాడు. అన్నం అయిదు నిమిషాలలో తినేస్తాడు. చుట్టాలందరినీ ఒకేసారి పిలవకండి. మడమలు, గోళ్ళు చూడండి. నొప్పి ఏదైనా దాచాడేమో నెమ్మదిగా అడగండి.