మూడో బోరు వద్దన్న కోడలు

సమస్య

అక్కా,
మాది కోలారు జిల్లా ముళబాగిలు దగ్గర పల్లె. పుట్టిల్లు కోలారు బంగారు గనులు (కేజీఎఫ్), ఛాంపియన్ రీఫ్. 2001లో గని మూసేసేదాకా మా నాన్న అందులోనే పనిచేశాడు. ఇప్పుడు మాకు రెండెకరాల టమాట, రెండు బోర్లు. ఒకటి ఎండిపోయింది. రెండోదాని మోటారు మునుపు మూడు గంటలు ఆడేది. ఈ వేసవిలో ముప్పావుగంటకే గాలి పీలుస్తోంది. మోటారు వేసిన వేళా నీళ్ళు ఆగిన వేళా పాత క్యాలెండరు వెనక రాసిపెడుతున్నా.

బావగారు మూడో బోరు వేద్దామంటున్నారు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చూసేవాణ్ణి పిలిపిస్తే తూర్పు గట్టున పాయింటు పెట్టి పోయాడు. పదిహేను వందల అడుగులు పోవాలట. డబ్బుకి నా పెళ్ళినాటి గొలుసు బ్యాంకులో పెట్టమంటున్నారు. మా చుట్టుపక్కల ఈమధ్య వేసిన బోర్లలో దుమ్మే లేచింది. టమాట మానేసి అరెకరం మల్బరీ డ్రిప్ మీద పెట్టి, మిగతాది వానకి రాగి చల్లుకుందామని నా ఆలోచన. చెబితే ‘గనుల్లో పెరిగినదానికి సేద్యమేం తెలుసు’ అన్నారు. మా ఆయన తల వంచుకున్నాడు. నాన్నేమో ‘అత్తింటోళ్ళ మాట విను తల్లీ’ అన్నాడు. ఇంతమంది ఒకే మాట అంటుంటే తప్పు నాదేనేమో అనిపిస్తోంది. పంతానికి పోతున్నానా?

– ఒక చెల్లెలు

సలహా

చెల్లెమ్మా,
పంతమే అయితే నీ ఉత్తరంలో ఆ క్యాలెండరు ఉండేది కాదు. రోజూ మోటారు దగ్గర నిలబడి చూసింది నువ్వు చెబుతున్నావు. బావగారిది ఆశ. కాపు మీదున్న తోట ఎండుతుంటే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, ఆయన మీద కోపం పెట్టుకోకు.

కోలారు జిల్లాకు ఏడాది పొడవునా పారే నది లేదు. పెద్దలు చెరువులు కట్టుకుని బతికారు, మనం బోర్ల మీద పడ్డాం. ఇప్పుడు భూగర్భజలం మితిమీరి తోడేసిన తాలూకాల్లో మనవీ ఉన్నాయి. మన నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్ళు దాని పగుళ్ళలోనే నిలుస్తాయి, లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్ళే తగ్గిపోతాయి. అయితే 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. అలా నిండిన చెరువు మీకు దగ్గర్లో ఉంటే నీ లెక్క కొంత మారొచ్చు. అదీ చూసుకో.

గనుల మాట నిన్ను గుచ్చినట్టుంది. మీ నాన్నను అడుగు, గనిలో పేలుడు అయ్యాక లోపలికి పోయినవాళ్ళు ముందు ఏం చేసేవారో. ఇనుప కడ్డీతో పైరాయిని తట్టేవాళ్ళు. కంగుమంటే గట్టి, డొల్లగా పలికితే పక్కకు తప్పుకోవడమే. ఆ చప్పుడు కింద నిలబడ్డవాడికే తెలుస్తుంది, పైన ఆఫీసులో ఉన్న దొరకు తెలియదు. అయినా చెవి ఒక్కటే చాలలేదు. ఒత్తిడికి రాయి ఉన్నట్టుండి పగిలే రాక్ బరస్టులు మనుషులను మింగుతుంటే నేల కదలికలు పట్టే యంత్రాలు కూడా పెట్టారు. నువ్వు విన్నది నువ్వు నమ్ము, దాన్ని పరీక్షకూ పెట్టు.

రిగ్గు లారీ రాకముందే భూగర్భజల శాఖ జియాలజిస్టుకు పొలం చూపించండి. 2011 కర్ణాటక చట్టం ప్రకారం నోటిఫై చేసిన చోట కొత్త బోరుకు అనుమతి కావాలి, ఆ దరఖాస్తు పని బావగారికే అప్పగించు. చుట్టుపక్కల ఎవరు ఎన్నడుగులు వేశారో, ఎన్ని ఇంచుల నీళ్ళు పడ్డాయో, ఎన్నాళ్ళు ఆడాయో అడిగి రాసిపెట్టుకో. వాననీళ్ళు పట్టే కృషి హోండకు రాయితీ దొరుకుతుందేమో రైత సంపర్క కేంద్రంలో కనుక్కో.

నాకు అనుమానమున్నది మల్బరీ దగ్గరే. పక్క పొలంలో టమాటకు మందు కొడితే ఆ గాలి సోకిన మల్బరీ ఆకు తిని పట్టుపురుగులు చస్తాయి. పైగా పురుగులు పెద్దవయ్యే రోజుల్లో వేళ తప్పకుండా మేత వెయ్యాలి, ఒక్కదాని చేతులు చాలవు. మీ ఆయన మనస్ఫూర్తిగా సరే అంటేనే మొదలుపెట్టు.

మీ నాన్న అలా అన్నది నీ లెక్క చూసి కాదమ్మా, కూతురు అత్తింట మాట పడకూడదని. ఈసారి పోయినప్పుడు ఆ క్యాలెండరు ఆయన చేతిలో పెట్టు. గొలుసు మాత్రం జియాలజిస్టు కాగితం వచ్చేదాకా నీ దగ్గరే ఉండనీ. అడిగితే ‘కాగితం వచ్చాక మాట్లాడదాం బావగారూ’ అను. అంతకుముందు రాత్రే మీ ఆయనకు ఆ మాట చెప్పి ఉంచు, పొద్దున మళ్ళీ తల వంచుకోకుండా.