బారువ రేవు – ఒక అధ్యయన యాత్ర

రేవు అనగానే మనకు విశాఖపట్నం గుర్తుకొస్తుంది. పెద్ద క్రేన్లు, గిడ్డంగులు, గేటు దగ్గర కాపలా! కాని ఓడ ఒడ్డుకే రాని రేవులు కూడా ఉండేవి. అలాంటిదే సోంపేట దగ్గర ఉన్న మన బారువ. తరగతి గదిలో ఎంత చెప్పినా తలకెక్కని పాఠాన్ని అక్కడే చెప్పాలని, ఈసారి విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరాను.

పలాసలో పాసింజరు ఎక్కి బారువ స్టేషనులో దిగాం. ఊరిదాకా కొబ్బరి, జీడి, పనస తోటలే. ఉద్యానమే ఉద్దానం అయిందంటారు పెద్దలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కూల్చిన కొబ్బరి తోటల్లో మళ్ళీ మొక్కలు నాటుకున్నారు రైతులు. కోటిలింగేశ్వరుణ్ణి దర్శించుకొని, దీపస్తంభం పక్కగా ఇసుకలోకి దిగాం.

"మాస్టారూ, రేవేదీ?" అన్నాడొక కుర్రాడు.

అదే నేటి పాఠం.

మహేంద్రగిరి నుంచి దిగివచ్చే మహేంద్రతనయ ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. వెనక ఉద్దానం పంటలు, ముందు బంగాళాఖాతం. అందుకే బ్రిటిషువారి కాలంలో గోపాలపురం, కళింగపట్నంలతో పాటు బారువ కూడా గంజాం జిల్లా రేవుల్లో ఒకటయింది. ఓడ లోతు నీటిలో లంగరు వేసేది. సరుకూ మనుషులూ పడవల మీదే దానిదాకా వెళ్ళేవారు. ఆ మసూలా పడవలకు మేకులుండవు. పలకలను కొబ్బరినార తాళ్ళతో కుట్టేవారు. కెరటం కొట్టినప్పుడు మేకులు దిగ్గొట్టిన పడవ విరిగిపోతే, కుట్టిన పడవ కాస్త వంగి తట్టుకొనేది. చదువుకోని పనివారి శాస్త్రజ్ఞానం ఇది!

మరి ఆ రేవు ఏమైంది? మధ్యధరా తీరంలో విహార నౌకలు ఆగే చోట్లలో తుర్కీలోని కుశాదసి ఒకటి. అక్కడ దిగిన యాత్రికులు ఎఫెసస్ శిథిలాలు చూసి వస్తారు. ఎఫెసస్ ఒకప్పుడు గొప్ప రేవు. నది తెచ్చిన ఒండ్రుతో పూడిపోయి, ఇప్పుడు సముద్రానికి కొన్ని కిలోమీటర్ల దూరాన నిలిచింది. బారువ కథ వేరు. 1890లలో తూర్పు తీరం రైలు వచ్చింది, సరుకు రైలెక్కింది. మిగిలింది బర్మా ప్రయాణం. 1941 డిసెంబరు 23న జపాను రంగూను మీద బాంబులు వేసింది. దాంతో ఆ దారీ మూసుకుపోయింది.

ఎఫెసస్‌లో పాలరాతి రంగస్థలం ఉంది. ఇక్కడ చూపించడానికి ఏముంది? మా ఇంటి మాట ఒకటి చెప్పాను. మన వాళ్ళు రంగూనును 'రంగం' అనేవారు. మా తాత కూలికి రంగం వెళ్ళి, 1942లో లక్షలాది మందితో పాటు అడవులూ కొండలూ దాటి నడిచి వచ్చాడు. నాయనమ్మ అనేది: "ఎల్లిన దినం గేపకం లేదురా. వొచ్చిన దినం మాత్రం మరిసిపోను. గుమ్మంలో నిలబడితే ఎవులో బిచ్చగాడనుకున్నాను."

పిల్లలెవరూ మాట్లాడలేదు. కొంతసేపటికి ఒక అమ్మాయి అంది: "రేవు పోయింది గాని వలస పోలేదు కదండీ. మా నాన్న వేరావల్‌లో వేటకెళ్తాడు."

ఈ ప్రశ్నకు నా నోట్సులో జవాబు లేదు. 2018లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్ళి పాకిస్తానుకు చిక్కిన మన జాలర్లు 2020 జనవరిలో గాని ఇల్లు చేరలేదు. ఆనాడు ఓడ, ఈనాడు పలాస ప్లాట్‌ఫారం. సంచీ మాత్రం అదే. టెక్కలికి దగ్గర్లో, సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిలులో కొత్త రేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు కట్టడమంటే గోడ కట్టడమొక్కటే కాదు. దాని వెనక ఊళ్ళకు పని దొరకాలి. లేకపోతే మన వాళ్ళకు అది మరో బయలుదేరే చోటే అవుతుంది.

విద్యార్థి మిత్రులారా! బారువలో శిలాఫలకాలు వెతక్కండి. ఈ సెలవుల్లో మీ ఇంట్లో పెద్దవాళ్ళను "మనవాళ్ళెవరైనా రంగం వెళ్ళారా?" అని అడిగి, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి తీసుకురండి. మన రేవు చరిత్ర అక్కడే ఉంది.