బోరు వద్దు, కుంట తవ్వండి

ప్రశ్న: మాది అయిదెకరాల ఎర్రనేల. ఏటా వేరుశనగే. పూత బాగానే వస్తుంది, ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తుంది. బోరు ఎండిపోయింది. ఇంకొకటి వేయించమంటారా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: వద్దు. బోర్ల అప్పులో మునిగిన కుటుంబాలను చాలా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ చేలో పడిన వానను ముందు చేలోనే ఆపండి.

మీ ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో చాలా భాగం నాలుగైదు జడివానల్లోనే పడిపోతుంది. ఎర్రనేల పైపొర ఆరగానే బిగుసుకుపోయి, తర్వాతి వాన ఇంకక పారిపోతుంది. వాలుకు అడ్డంగా దున్ని, అడ్డంగానే విత్తండి. ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డుచాలు తీయండి.

అప్పటికీ పారే నీటికి పల్లపు మూలన కుంట తవ్వండి. ఎకరాకు 20 మిల్లీమీటర్ల తడి అంటే 80 వేల లీటర్లు. కుంటలో 250 ఘనపు మీటర్ల నీళ్లుంటే స్ప్రింక్లర్లతో మూడెకరాలకు ఒక తడి అందుతుంది. ఎర్రమట్టిలో నీరు నిలవదు కాబట్టి ఆరు పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి అడుగునా పక్కలకూ పూయించండి. ఆకు వాడిందని తొందరపడి ఆ నీళ్లు ముందే వాడేయకండి. ఊడలు దిగేటప్పటికీ, కాయ ఊరేటప్పటికీ దాచండి.

ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేయండి. దాని వేరు లోతుకు దిగుతుంది, ఆలస్యంగా పడిన వానను కూడా అందుకుంటుంది. ఆగస్టు సగం దాటినా పదును రాకపోతే వేరుశనగ విత్తనం కొనకండి, ఉలవ వేయండి.