తమ్ముడు నా చేతి అన్నం ముట్టడం లేదు

సమస్య

మాది మంథని. నాకు 43 ఏళ్లు, తమ్ముడికి 36. వాడు బీటెక్ రెండో సంవత్సరంలో హాస్టల్ వదిలి ఇంటికొచ్చేశాడు. గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని వీధి వైపు కిటికీ మూసి కూర్చునేవాడు. మొదట గాలి సోకిందన్నారు, తాయత్తులు కట్టించాం. ఆ తర్వాత హైదరాబాద్‌లో డాక్టర్ స్కిజోఫ్రీనియా అని చెప్పారు. గోలీలు వేసుకున్నన్నాళ్లు మనిషి బాగుంటాడు. కూరగాయలు తెస్తాడు, మా పాపకు లెక్కలు చెబుతాడు. కానీ తనకు జబ్బే లేదంటాడు.

బాపు పోయాక అమ్మ, తమ్ముడు మా ఇంటికే వచ్చారు. మా ఆయనది సింగరేణి ఓపెన్‌కాస్ట్‌లో షిఫ్టుల డ్యూటీ. అన్న సౌదీలో ఉంటాడు, డబ్బులు పంపుతాడు, అంతే. గోలీలు మింగించలేక పొడి చేసి పెరుగన్నంలో, చాయ్‌లో కలిపేదాన్ని. దసరా ముందు ఒకరోజు చాయ్ గ్లాసు అడుగున తెల్లటి పొడి చూశాడు. అప్పటి నుంచి నేను పెట్టింది ఏదీ ముట్టడు. తానే విప్పిన బిస్కెట్ ప్యాకెట్, తానే ఒలిచిన అరటిపండు, ఇవే తిండి. మా ఆయన నైట్ షిఫ్ట్‌కు వెళ్లిన రాత్రి నాకూ నిద్ర ఉండదు.

మొన్న రాత్రి తట్టుకోలేక ‘నువ్వు లేకుంటే మేమన్నా బతుకుదుము’ అని అరిచాను. వాడు ఏమీ అనలేదు, లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు. పెళ్లి చేస్తే కుదురుకుంటాడని పెద్దమ్మ, ఏదైనా గుడి దగ్గర ఆశ్రమంలో వదిలేయమని మేనమామ అంటున్నారు. వాడి చేత అన్నం తినిపించేదెట్లా? సొంత తమ్ముడి మీద ఇంత కోపం వచ్చే నేనేం అక్కను?

– ఒక అక్క, మంథని

సలహా

ముందు అన్నం సంగతి. వినని మనిషికి గోలీ పొడి చేసి కలిపి పెట్టడం చాలా ఇళ్లలో జరుగుతున్నదే. ఇంకో దారి కనపడక చేస్తారు. కానీ ఎవరో తనకు కీడు తలపెట్టారన్న అనుమానమే జబ్బుగా ఉన్న మనిషికి చాయ్ గ్లాసులో పొడి కనబడితే, ఆ అనుమానానికి సాక్ష్యం దొరికినట్టే. పైగా ఎంత మందు లోపలికి పోయిందో, దానివల్ల మగత ఉందో, చేతులు వణుకుతున్నాయో డాక్టర్‌కు తెలిసే వీలు ఉండదు. కాబట్టి కలపడం ఈరోజుతో ఆపేయండి. ఆపేసినట్టు తమ్ముడికి చెప్పండి, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే: ‘తమ్మీ, ఇన్నొద్దులు అన్నంల గోలీలు కలిపిన. తప్పే. ఇగ కలప. నీ ముందట్నే వండుత, ఒక్క గిన్నెలకెల్లే ఇద్దరం తిందం.’ చెప్పినట్టే చేయండి. గిన్నె మధ్యలో పెట్టి ముందు మీరు ఒక ముద్ద తినండి, అతన్ని స్వయంగా వడ్డించుకోనివ్వండి. ఒకటి రెండు రోజుల్లో నమ్మకం రాదు. కోడిగుడ్డు ఉడకబెట్టి పెంకుతోనే ఇవ్వడం, పాల ప్యాకెట్ అతని చేతే కత్తిరించి కాయించడం ఈలోపు పనికొస్తాయి.

మందుకు గోలీ ఒక్కటే దారి కాదు. రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి కండరానికి ఇచ్చే ఇంజెక్షన్లు ఈ జబ్బుకు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. అవి అతనికి సరిపోతాయా లేదా అన్నది మానసిక వైద్యుడు చూసి చెప్పాలి. ఒప్పుకుంటే ఇంట్లో రోజూ జరిగే గోలీల పంచాయితీ నెలకో ఆసుపత్రి పనిగా మారుతుంది. ‘నీకు జబ్బుంది’ అని ఒప్పించడానికి కూర్చోకండి, అది తెగదు. ‘రాత్రి నిద్ర పడతలేదు కదా, దానికి చూపించుకుందాం’ అంటే చాలామంది కదులుతారు. గొంతులు వినపడుతున్నాయన్నప్పుడు లేవని వాదించొద్దు, ఉన్నాయని తల ఊపొద్దు. ‘నాకైతే వినపడలేదు, నీకు భయం అయితున్నదా?’ అని అడిగితే మాట ముందుకు పోతుంది.

ఇక కోపం. దీని మీద మొదటి పరిశోధన లండన్‌లో జరిగింది. స్కిజోఫ్రీనియా తగ్గి ఆసుపత్రి నుంచి వెళ్లిన మగవాళ్లను జార్జ్ బ్రౌన్ అనే సామాజిక శాస్త్రవేత్త బృందం 1950ల్లో గమనించింది. తల్లిదండ్రుల దగ్గరికో భార్య దగ్గరికో వెళ్లినవారిలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. తోబుట్టువుల ఇంట్లోనో అద్దె గదుల్లోనో ఉన్నవారు కాస్త నయంగా ఉన్నారు. ప్రేమ తక్కువైనచోట ఆరోగ్యం ఎక్కువా అని ఆశ్చర్యపోయి, ఇళ్లలో మాటతీరును కొలవడం మొదలుపెట్టారు. ఎడతెగని తప్పుపట్టడం, ద్వేషం, ఊపిరాడనివ్వనంత పట్టించుకోవడం, ఈ మూడూ జబ్బును తిరగబెడుతున్నాయని తేలింది. 1976లో వాన్, లెఫ్ అనే మరో ఇద్దరు పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. అలాంటి ఇళ్లలో కూడా రోగి, ఇంటివాళ్లు ముఖాముఖిగా గడిపే సమయం వారానికి 35 గంటలు దాటనిచోట ప్రమాదం బాగా తగ్గింది.

ఈ లెక్క మీ ఇంటికి వేసి చూడండి. పగలంతా ఒకే కప్పు కింద, రాత్రి కాపలా. వారానికి 35 గంటలు మీకు రెండు మూడు రోజుల్లోనే అయిపోతాయి. అందుకే మీరు బయటికి వెళ్లే పూట కూడా అతని వైద్యంలో భాగమే. ఆ రాత్రి మీ నోట వచ్చిన మాట నిద్రలేని మనిషి మాట. దానికి ఒక్కసారి ‘అట్లా అనొద్దుండె, తప్పయింది’ అని చెప్పి వదిలేయండి. పదిసార్లు క్షమాపణ అడిగితే అతని మీద ఇంకో బరువు పెట్టినట్టవుతుంది. ఈ కొలతలతోనే 1980ల్లో చండీగఢ్‌లోనూ పరిశోధన చేశారు. లండన్ కుటుంబాల కంటే అక్కడి కుటుంబాల్లో తిట్లు, ద్వేషం తక్కువ ఉన్నాయి, చుట్టుపక్కల పల్లెల్లో మరీ తక్కువ. ఆ ఇళ్లలో పదిమంది ఉండేవారు, రోగి భారం ఒక్కరి మీద పడేది కాదు. మీ ఇంట్లో ఇప్పుడు ఆ పదిమంది పనీ మీరొక్కరే చేస్తున్నారు.

వైద్యంలో ఇంటివాళ్ల పాత్రను మన దేశంలో వైద్యులు అంతకు ముందే పసిగట్టారు. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950ల్లో రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచారు. జబ్బు ఏమిటో, ఇంటికి వెళ్లాక ఎలా మెలగాలో వాళ్లకు అక్కడే నేర్పేవారు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కూడా ఆ దారినే పట్టింది, అక్కడ రోగితోపాటు ఇంటివాళ్లు ఉండాలి. కాబట్టి ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీ ఆయనను, అమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. ‘ఈ ఇంట్లో ఎవరెవరు ఏం చేయాలి’ అని అడగండి.

పని పంచడం అంటే పేరు పెట్టి అప్పగించడం. సౌదీలో శుక్రవారం సెలవు. ఆ రోజు ఒక గంట వీడియో కాల్‌లో తమ్ముడితో మాట్లాడే పని మీ అన్నది. డబ్బు పంపడంతో ఆయన వంతు తీరిపోదని మొహమాటం లేకుండా చెప్పండి. దాంతోపాటు, మానసిక వైద్యుడి ఫీజు, మందుల లెక్క మొత్తం అన్న చేతిలోనే పెట్టండి. మీ ఆయనకు పగటి డ్యూటీ ఉన్న వారం రాత్రి కాపలా ఆయనది, మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోవాలి. పాపకు లెక్కలు చెప్పడం తమ్ముడి పని. అది అలాగే ఉండనివ్వండి, అతను ఇంట్లో రోగిగా కాకుండా మేనమామగా ఉండే గంట అదే.

పెద్దమ్మకు జవాబు గట్టిగానే చెప్పాలి. పెళ్లి మందు కాదు. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం ముఖ్యమైన విషయం దాచి చేసిన పెళ్లిని కోర్టు రద్దు చేయవచ్చు. అంతకు ముందే ఒక ఆడపిల్ల జీవితం పాడవుతుంది. రేపు అతను కోలుకుని తానే కోరుకుంటే, జబ్బు సంగతి అవతలివాళ్లకు పూర్తిగా చెప్పి అప్పుడు ఆలోచించవచ్చు.

మేనమామ సలహా విషయంలో ఎర్వాడి గుర్తుంచుకోవాలి. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ దర్గా ఊళ్లో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రయానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండడంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. వాళ్లనూ ఇంటివాళ్లు నయమవుతుందనే తెచ్చి వదిలారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

అదే చట్టం మీకు పనికొచ్చే ఒక వీలు ఇచ్చింది. తన వైద్యం విషయంలో తన తరఫున ఎవరు మాట్లాడాలో తమ్ముడే తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టవచ్చు. కోలుకున్నాక రాయించండి. మీ పేరే ఉండాలని పట్టుబట్టొద్దు, బావ పేరు రాస్తానంటే ఇంకా మంచిది.

కొన్ని సందర్భాల్లో ఆగకూడదు. నీళ్లు కూడా మానేసినా, చావు మాట ఎత్తినా, చేయి చేసుకున్నా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి, 108కి ఫోన్ చేయాలి. అలాంటి అత్యవసరంలో ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స చేయడానికి చట్టం వీలిచ్చింది. మీరు ‘లేకుంటే’ అన్న రాత్రి తర్వాత అతను చావు గురించి ఆలోచిస్తున్నాడేమో సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

ఈ వారం చేయాల్సిన మొదటి పని ఫోన్. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. దగ్గర్లో ప్రభుత్వ మానసిక వైద్యుడు ఎక్కడ ఉంటారో అడిగి తెలుసుకోండి. అదే కాల్‌లో మీ నిద్ర, మీ కోపం గురించి కూడా చెప్పండి, ఆ నంబర్ ఇంటివాళ్లకు కూడా. దీర్ఘకాల మానసిక వ్యాధి కూడా వైకల్యం కిందికి వస్తుంది. 40 శాతం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే తమ్ముడు దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు. తెలంగాణలో 2023 నుంచి అది నెలకు 4,016 రూపాయలు. దానికి పాత చీటీలన్నీ కావాలి. హైదరాబాద్ ఫైలు నుంచి ఇప్పటిదాకా ఉన్న కాగితాలను తేదీల వరుసలో పెట్టే పని మేనమామకు అప్పగించండి.