బల్ల ఎత్తు - మెడ నొప్పి

మా నాన్న పార కామ తన ఎత్తుకు సరిపోతేగాని కొనడు. "కామ పొట్టిదైతే నడుం పోద్దిరా" అంటాడు. హాస్టల్ మంచంమీద లాప్‌టాప్ పెట్టుకొని వంగి చదివి, సరిగ్గా పరీక్షలముందు మెడ పట్టేసినప్పుడుగాని ఆ మాట నా తలకెక్కలేదు.

మనిషి తల బరువు దాదాపు 5 కిలోలు. ముందుకు వంగేకొద్దీ మెడమీద బలభ్రామకం పెరుగుతుంది. దాన్ని కాసుకోవలసింది మెడ వెనుక కండరాలే గదా!

అందుచేత లావుపాటి పుస్తకాలు పేర్చి తెర పై అంచును కంటి ఎత్తుకు తెచ్చాను. కీబోర్డు విడిగా, మోచేతి ఎత్తున పెట్టాను. పాదాలు నేలకు ఆనకపోతే కింద రెండు ఇటుకలు చాలు. కిటికీ పక్కన ఉండాలి, ఎదురుగా కాదు. ప్రతి 20 నిమిషాలకూ 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లు చూడాలి. అరగంటకోసారి లేచి నడవాలి.

ఖర్చల్లా కీబోర్డుకే. మిత్రులారా, మనల్ని చదువుకు పంపినవాళ్ళ నడుములు ఇప్పటికే వంగాయి. మనవైనా నిటారుగా ఉంచుకుందాం.