చిక్కుడు జాతి పైరులకు నీటి పారుదల – దాని వ్యయము, ఫలము

బావుల క్రింద చిక్కుడు, బీన్సు, పెసర, మినుము మొదలగు పైరులను సాగుచేయు రైతులు తాము ఎన్ని తడులిచ్చినదియు చెప్పగలరు. కాని ఒక్కొక్క తడికి ఎంత నీరు పైకి వచ్చినది, అందుకెంత విద్యుత్తు పట్టినది, ఆ తడివలన కాపు ఎంత హెచ్చినది అను లెక్క చూచువారు అరుదు. ఆ లెక్క చూచుకొను విధము ఇందు వివరింపబడుచున్నది.

1. నీటి బరువు.— ఎకరము నేలపై ఒక అంగుళము మందమున నీరు పెట్టుటకు ఇంచుమించు 1,02,800 లీటర్లు కావలెను. దీని బరువు నూరు టన్నులకు పైబడును. ఈ నీటిని 100 అడుగుల లోతునుండి ఎత్తుటకు, ఏ నష్టమును లేకున్నను, ఎనిమిదిన్నర యూనిట్ల విద్యుత్తు పట్టును. మోటారునందును, పంపునందును, గొట్టములందును కొంత శక్తి వ్యర్థమగును. మూడవ వంతు శక్తి మాత్రమే నీటిని ఎత్తుటకు వినియోగపడు పంపునకు అంగుళమునకు సుమారు 25 యూనిట్లును, రెండంగుళముల తడికి 50 యూనిట్లును అగును. నీటిమట్టము 200 అడుగులకు దిగినచో అదియే తడికి 100 యూనిట్లగును. పూర్వము మోట తోలు దినములలో ఎద్దులు అలసినచో రైతునకు ఈ బరువు తెలియుచుండెను. మోటారు అలసటను చూపదు.

2. ఉచిత విద్యుత్తు.— ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ప్రవేశపెట్టబడెను. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి 24 గంటల సరఫరా మొదలయ్యెను. బిల్లు లేనంత మాత్రమున నీరు ఉచితమని తలపరాదు. తెలంగాణమున పెక్కుచోట్ల నేలక్రింద గట్టి రాయి యుండును. నీరు ఆ రాతి బీటలలోను, పైనున్న చివికిన పొరలోను మాత్రమే నిలుచును. వానవలన చేరినదానికంటె హెచ్చుగా తోడినచో మట్టము దిగును. పిమ్మట క్రొత్త బోరునకును, పెద్ద మోటారునకును, కాలిన మోటారు మరమ్మతునకును రైతే సొమ్ము పెట్టుకొనవలెను. అప్పుచేసి వేయించిన బోరులో నీరు పడనిచో అప్పు మాత్రమే మిగులును.

3. తడి ఫలించు కాలము.— బీన్సు పైరునకు మొత్తముమీద, వాననీటితో కలిపి, 12 నుండి 20 అంగుళముల నీరు చాలును. వరికి దీనికి రెండు మూడు రెట్లు కావలెను. ఈ నీటిలో ప్రతి అంగుళమును సమానముగా ఫలింపదు. పూత మొదలైనది లగాయతు కాయ నిండువరకు గల కాలమే ముఖ్యమైనది. అప్పుడు నీరు చాలనిచో పూత రాలును, పిందె ఎండును. తరువాత ఎంత నీరు పెట్టినను ఆ నష్టము తీరదు. పూతకు ముందు మితిమీరి తడిపినచో తీగయు ఆకును పెరుగును గాని పూత ఆలస్యమగును. మడిలో నీరు నిలిచినచో వేళ్లపైనున్న బుడిపెలకు గాలి అందక నత్రజని సంపాదన తగ్గును, వేరుకుళ్లును కలుగవచ్చును. గింజకొరకు పెంచు పైరునకు కాయ ముదిరిన పిమ్మట నీరు మానవలెను. పచ్చికాయ కోయువారు మాత్రము కోతలు ముగియువరకు పలుచని తడులు ఈయవలెను.

4. నేలనుబట్టి తడి.— చల్కనేల కొద్ది నీటినే పట్టియుంచును గావున తక్కువ నీరు, తరచుగా ఈయవలెను. రేగడినేల తేమను చాలదినములు నిలుపును గావున ఎడమిచ్చి తడుపవలెను. దినములు లెక్కించుటకంటె జానెడు లోతునుండి మట్టి తీసి పిడికిట నొక్కి చూచుట మేలు. ముద్ద నిలిచినచో తడి అక్కరలేదు. పొడియై రాలినచో తడుపవలెను.

5. లెక్కకు ఉదాహరణము.— 100 అడుగుల బావి క్రింద ఒక ఎకరమునకు రెండేసి అంగుళముల తడులు ఆరు ఈయగా 300 యూనిట్లు పట్టును. పూతకు ముందు అవసరము లేని రెండు తడులు మానినచో 100 యూనిట్లును, నాలుగు లక్షల లీటర్లకు మించిన నీరును మిగులును. ఆ నీటితో మరియొక ఎకరమునకు పూతకాలమున రెండు తడులు ఈయవచ్చును. మొదటి ఎకరమున వ్యర్థమగు నీరు రెండవ ఎకరమున కాపును నిలుపును. అదనపు తడి పెట్టునప్పుడెల్ల దానివలన వచ్చు కాయల వెల, ఆ తడికగు కూలికిని, శక్తికిని, వేరొకచోట ఆ నీటివలన కలుగు లాభమునకును మించునా యని చూడవలెను.

6. నష్టమును తగ్గించు మార్గములు.— మడి నిండ పారింపక బోదెల మధ్య సాళ్లలో నీరు పారింపవలెను. ఫుట్ వాల్వు కారకుండ చూడవలెను. ఇరుకు గొట్టములును, అనవసరపు వంపులును మానవలెను. నీరు పడు గొట్టమును కాలువకంటె ఊరక ఎత్తున నుంచరాదు. విద్యుత్తు వచ్చినంతనే తనంతట మోటారును నడుపు ఆటోమేటిక్ స్టార్టరును తీసివేయవలెను. రైతు నిద్రించుచుండగా పారిన నీరు పైరునకు మేలు చేయదు. బిందుసేద్యము నీటిని పొదుపు చేయును గాని గొట్టములలో నీటికి ఒత్తిడి కావలెను గావున, లోతు తక్కువగు బావులయందు విద్యుత్తు పొదుపు నీటి పొదుపంత కాదు.

ప్రతి రైతును తడి పెట్టిన తేదీని, మోటారు నడిచిన గంటలను, కోసిన కాయల తూకమును ఒక పుస్తకమున వ్రాసికొనుట ఉత్తమము. రెండు ఫసళ్లు ఇట్లు వ్రాసినచో తన పొలమున ఏ తడి ఫలించినదో, ఏది వ్యర్థమైనదో ఆ పుస్తకమువలననే తెలియును.